నెమ్మదైన పిల్లికి తొందరపాటు దత్తత వద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో పెంపుడు జంతువుల శీర్షికకు పాఠకులు పంపుతున్న ప్రశ్నలు చదువుతుంటే, ఒత్తైన పొట్టి బొచ్చు, గుండ్రటి ముఖం, రాగిరంగు కళ్లు ఉండి, ఇంట్లో ఎంత సందడి జరుగుతున్నా తొణకని బ్రిటిష్ షార్ట్‌హెయిర్ జాతి పిల్లి కోసం అడిగేవారు ఎక్కువవుతున్నారని అర్థమవుతోంది. యజమానులు వదులుకున్న పిల్లులను చేరదీసి, వాటికి కొత్త ఇళ్లు వెతికిపెట్టే ఒక రక్షణ కేంద్రంలో నేను కొన్నేళ్లుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. అలాంటి పిల్లిని కొనకుండా, దగ్గర్లోని రక్షణ కేంద్రం నుంచి, వీలైతే వయసొచ్చిన పిల్లినే దత్తత తీసుకోమని పాఠకులను కోరడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. దానితోపాటు ఇంకో మాట కూడా చెప్పాలి. ఏ నెమ్మదితనాన్ని చూసి మనం ఈ పిల్లిని ఇష్టపడుతున్నామో, దాని అవసరాలనూ భయాన్నీ జబ్బునూ మన కంటికి ఆననివ్వకుండా చేసేది కూడా ఆ నెమ్మదితనమే. ఈ సంగతి తెలియక తెచ్చుకున్న ఇళ్ల నుంచి ఎన్నో పిల్లులు మళ్లీ మా దగ్గరికి వస్తున్నాయి.

ఈ జాతి మూలాలు బ్రిటన్‌లో పొలాల్లోనూ వీధుల్లోనూ ఎలుకలు పట్టుకుంటూ బతికిన మామూలు పిల్లుల్లో ఉన్నాయి. వాటిలోంచి దృఢమైన ఒళ్లు, ఒత్తైన బొచ్చు ఉన్నవాటిని ఏరి పెంచడం పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మొదలైంది. 1871లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో చిత్రకారుడు హ్యారిసన్ వీర్ ఏర్పాటు చేసిన పిల్లుల ప్రదర్శన ఆ మామూలు పిల్లులకు గౌరవం తెచ్చిన తొలి సందర్భాల్లో ఒకటి. తర్వాత రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో వీటి సంఖ్య బాగా పడిపోవడంతో, మిగిలిన కొద్దిపాటి పిల్లులను పర్షియన్ తదితర జాతులతో కలిపి వంశాన్ని నిలబెట్టారు. ఈ చరిత్రను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. పర్షియన్ పిల్లుల నుంచి వచ్చిన నిండుదనంతోపాటు, వాటిలో ఎక్కువగా కనిపించే ఒక వంశపారంపర్య మూత్రపిండాల వ్యాధి కూడా ఈ జాతిలోకి వచ్చింది. దత్తతకు వెళ్లేవారు అడగవలసిన ప్రశ్నల్లో ఒకటి అక్కడి నుంచే పుడుతుంది.

ఈ పిల్లి బొచ్చు అందం పొడవులో కాదు, ఒత్తుదనంలో ఉంది. వెంట్రుకలు ఒంటికి అతుక్కుపోకుండా నిక్కి ఉంటాయి కాబట్టి పిల్లి మెడ తిప్పినప్పుడు బొచ్చు పాయలుగా విడిపోతుంది, చెయ్యి వేస్తే మఖమలు మీద వేసినట్టే ఉంటుంది. బ్రిటిష్ బ్లూ అని పిలిచే బూడిదరంగు అందరికీ తెలిసినదే గానీ, నలుపు వర్ణం పలచబడటం వల్ల ఏర్పడే ఛాయ అది. ఇదే జాతిలో నల్లవి, తెల్లవి, మీగడరంగువి, చారలున్నవి, రెండు రంగులు కలిసినవి కూడా ఉన్నాయి. బూడిదరంగు కాదన్న ఒక్క కారణంతో, స్వభావంలో ఏ లోటూ లేని పిల్లిని చూసి వెనుదిరిగే వారిని మా కేంద్రంలో చూసినప్పుడల్లా నాకు మనసు కష్టపెట్టుకోక తప్పదు. మగపిల్లులు సాధారణంగా 4 నుంచి 8 కిలోల వరకు తూగుతాయి, ఆడవి కొంత తక్కువ. ఈ జాతి నిదానంగా ఎదుగుతుంది. ఒళ్లు పూర్తిగా నిండటానికి 3 నుంచి 5 ఏళ్లు పడుతుంది.

రక్షణ కేంద్రానికి వచ్చే పిల్లుల్లో చాలావాటికి వంశపత్రాలు ఉండవు. బూడిదరంగు పొట్టి బొచ్చున్న ప్రతి పిల్లీ బ్రిటిష్ షార్ట్‌హెయిర్ కాదు. రష్యన్ బ్లూ ఇంతకంటే సన్నగా, ఆకుపచ్చ కళ్లతో ఉంటుంది; షార్ట్‌రూ జాతి బొచ్చు కొంచెం ఉన్నిలా ఉంటుంది; ఏ జాతికీ చెందని మామూలు పిల్లికి కూడా అదే రంగు రావచ్చు. గూడు మీద రాసిన జాతి పేరు చాలాసార్లు కేంద్రం వాళ్ల అంచనా మాత్రమేనని గుర్తుంచుకుని, మనం కోరుకునే నెమ్మదితనం, మనుషుల దగ్గర నిబ్బరం ఆ పిల్లిలో ఉన్నాయో లేదో చూసుకోవడమే సబబు. జాతి పేరు అంత ముఖ్యం కాదంటున్న నేనే, ఒక్క విషయంలో మాత్రం రూపాన్ని జాగ్రత్తగా చూడమంటాను. చెవులు ముందుకు మడతపడి తలకు అతుక్కున్నట్టు ఉంటే అది స్కాటిష్ ఫోల్డ్ రకానికి చెందిన పిల్లి అయివుండవచ్చు. 1961లో స్కాట్లండ్‌లోని ఒక పొలంలో కనిపించిన సూసీ అనే తెల్లపిల్లితో ఆ రకం మొదలైంది, ఆ తర్వాత దాన్ని బ్రిటిష్ షార్ట్‌హెయిర్‌లతో కలుపుతూ వచ్చారు కాబట్టి ఒంటి తీరు రెండింటికీ ఒకేలా ఉంటుంది. చెవిని మడిచే జన్యులోపం చెవితో ఆగదు. ఒంట్లోని మృదులాస్థి అంతటినీ దెబ్బతీసి, తోకలోనూ కాళ్ల కీళ్లలోనూ నొప్పి పుట్టిస్తుంది. ఈ కారణంగానే బ్రిటన్‌లోని ప్రధాన నమోదు సంస్థ 1970ల్లోనే ఆ రకాన్ని నమోదు చేసుకోవడం మానేసింది.

అలాంటి పిల్లి ఎక్కువగా కదలదు, ఎత్తులకు దూకదు, ఉన్నచోటే గంటల తరబడి కూర్చుంటుంది. దాన్ని చూసి ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయేవారు ఉన్నారు. అది బుద్ధి కాదు, కదిలితే నొప్పి. దత్తత ఇవ్వకూడదని నేను అనడం లేదు. చెవులు మడతపడిన పిల్లికి కూడా ఇల్లు కావాలి, నొప్పి తగ్గించే మందులు, మెత్తటి పడక, ఎక్కడానికి చిన్నచిన్న మెట్లు ఇవ్వగలిగిన ఇల్లు మరీ కావాలి. కానీ అది జబ్బుపడిన పిల్లి అని తెలిసే తీసుకోవాలి, రక్షణ కేంద్రం ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

అసలు బ్రిటిష్ షార్ట్‌హెయిర్ నెమ్మదితనం ఎలాంటిదో కూడా తీసుకునేవారికి ముందే తెలియాలి. ఈ పిల్లి మనిషికి దగ్గరగా ఉండటాన్ని ఇష్టపడుతుంది, ఒడిలో కూర్చోవడాన్ని మాత్రం అంతగా ఇష్టపడదు. మనం ఏ గదిలో ఉంటే ఆ గదిలోకి వచ్చి, చేతికి అందేంత దూరంలో పడుకుంటుంది. ఎత్తుకుంటే చాలావరకు ఓర్చుకుంటుంది, కాళ్లు బిగుసుకుని కిందికి దిగడానికి చూస్తుంది. అరుపు తక్కువ, గొంతు చిన్నది. ఫోన్‌లో చూసిన వీడియోల వల్ల చాలామందికి దీనిమీద వేరే ఊహ ఉంటుంది. బొమ్మలా ఎత్తుకుని తిరగవచ్చనీ, చిన్నపిల్లలు ఎంత నలిపినా ఊరుకుంటుందనీ అనుకుని కొనుక్కుంటారు. ఆ ఊహ నిజం కాకపోయేసరికి, లేదా పిల్లకూన దశ దాటి అది నిండైన 6 కిలోల పిల్లి అయ్యేసరికి, ఇంట్లో దాని స్థానం మారిపోతుంది.

మా దగ్గరికి వచ్చిన ఒక మగపిల్లి సంగతి చెబుతాను. దాని యజమానులు మంచివాళ్లే. తిండికీ శుభ్రతకూ ఏ లోటూ చేయలేదు. ఒడిలోకి రాదు, పలకరించినా పట్టించుకోదు, ఎప్పుడూ సోఫా కింద పడుకుంటుంది అన్నది వాళ్ల ఫిర్యాదు. పరీక్షిస్తే వెనకపళ్ల దగ్గర చిగుళ్లు బాగా దెబ్బతిని ఉన్నాయి. పశువైద్యుడు పాడైన పళ్లు తీసేశాక, కొద్ది వారాల్లోనే ఆ పిల్లి గూడు తలుపు దగ్గరికి వచ్చి మనుషుల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. ఇప్పుడు అది ఉన్న ఇంట్లో పెద్దాయన చదువుకునే బల్ల పక్కన రోజంతా పడుకుంటుందట. ఒడిలోకి మాత్రం ఇప్పటికీ ఎక్కదు, ఆయన కూడా ఎక్కించుకోవాలని చూడరు. పాత యజమానులు దాన్ని బాధపెట్టాలని అనుకోలేదు. ఆ జాతి స్వభావమే అంత అని ఎవరో చెప్పిన మాట నమ్మి, నొప్పిని స్వభావంగా చదువుకున్నారు.

పిల్లులు నొప్పిని దాచుకునే ప్రాణులు. వాటి ముఖాన్ని చూసి నొప్పిని అంచనా వేసే ఒక కొలమానాన్ని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించారు. చెవులు ఎటు తిరిగి ఉన్నాయి, కళ్లు ఎంత ముడుచుకున్నాయి, మూతి ఎంత బిగుసుకుంది, మీసాలు ఎలా నిలిచాయి, తల భుజాల కంటే పైన ఉందా కింద ఉందా అన్న అయిదు విషయాల మీద అది ఆధారపడుతుంది. ఈ అయిదింటినీ గమనించడం ఎవరైనా నేర్చుకోవచ్చు. దత్తతకు వెళ్లినవారు గూటి ముందు ఒక్క నిమిషం నిలబడి ఫొటో తీసుకుని నిర్ణయం చెప్పే బదులు, కాసేపు కింద కూర్చుని, పిల్లి లేచి నడిచేదాకా ఆగితే ఎన్నో విషయాలు తెలుస్తాయి. నడకలో తడబాటు ఉందా, ఒక పక్కనే నములుతోందా, చెయ్యి చాపితే వాసన చూసి తల రుద్దుతోందా, వెనక్కి ముడుచుకుంటోందా చూడాలి. కళ్లు నెమ్మదిగా మూసి తెరుస్తూ చూస్తే పిల్లులు కూడా అలాగే బదులిస్తాయని, అలా చూసిన కొత్త మనిషి దగ్గరికి రావడానికి మొగ్గు చూపుతాయని బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారి అధ్యయనం 2020లో తెలిపింది. మా కేంద్రంలో మేము కూడా కొత్త పిల్లులతో పలకరింపు అలాగే మొదలుపెడతాం.

పిల్లకూననే కావాలనే వారికి నేను చెప్పేది ఇదే. రెండు నెలల కూనలన్నీ దూకుతూ గెంతుతూనే ఉంటాయి, వాటిలో ఏది పెద్దయ్యాక ఎలాంటి పిల్లి అవుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. మూడేళ్లో అయిదేళ్లో నిండిన పిల్లి స్వభావం మాత్రం మన కళ్ల ముందే ఉంటుంది. అది పిల్లలను చూస్తే ఏం చేస్తుంది, ఇంకో పిల్లితో ఉండగలదా, ఒంటరిగా ఉంటేనే హాయిగా ఉంటుందా అన్నది రోజూ దానికి తిండిపెట్టే సంరక్షకులకు తెలుసు. నిశ్శబ్దంగా, నిదానంగా ఉండే తోడు కావాలనుకునే వారికి వయసొచ్చిన పిల్లి కంటే నమ్మకమైన ఎంపిక లేదు. పైగా ఈ జాతి పిల్లులు జాగ్రత్తగా చూసుకుంటే పన్నెండు, పదిహేనేళ్లు, ఇంకా ఎక్కువ కూడా బతుకుతాయి. అయిదేళ్ల పిల్లిని తీసుకున్నా ముందు చాలా కాలం ఉంటుంది. పెంపకందారులు ఈతలు చాలించాక వదిలేసిన ఆడపిల్లులు కూడా రక్షణ కేంద్రాలకు వస్తుంటాయి. ఇల్లు ఎలా ఉంటుందో ఎరగక గూళ్లలోనే పెరిగిన అలాంటి పిల్లికి సోఫా, మెట్లు, తలుపు చప్పుడు అన్నీ కొత్తే. ఓపిక ఉన్నవారు వాటిని తీసుకుంటే అంతకంటే మంచి పని నాకు తెలియదు.

ఇక ఆరోగ్య పత్రాల విషయానికి వస్తాను. వ్యాక్సిన్లు, నులిపురుగుల మందు, మైక్రోచిప్, సంతాన నియంత్రణ శస్త్రచికిత్స వివరాలు ఏ కేంద్రమైనా ఇస్తుంది. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్‌కూ, ల్యుకేమియా వైరస్‌కూ రక్తపరీక్ష జరిగిందో లేదో అడగాలి. మొదటిది ఉన్న పిల్లి కూడా ఇంట్లోనే ఉంచి బాగా చూసుకుంటే ఏళ్ల తరబడి బతకగలదు, కాబట్టి ఆ ఒక్క మాటతో దాన్ని కాదనవద్దు. ఈ జాతికి ప్రత్యేకంగా అడగవలసినవి మూడు ఉన్నాయి.

మొదటిది మూత్రపిండాల సంగతి. పర్షియన్ వంశం నుంచి వచ్చిందని పైన రాసిన జబ్బు ఇదే. మూత్రపిండాల్లో నీటితిత్తులు పుట్టి, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి, చివరకు మూత్రపిండాలు పనిచేయకుండా పోతాయి. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి లోపమున్న జన్యువు వచ్చినా చాలు, జబ్బు వస్తుంది. ఆ జన్యులోపాన్ని 2004లో కనుగొన్నారు, చెంప లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాతోనే ఇప్పుడు పరీక్ష చేయవచ్చు. కేంద్రం చేయించకపోతే, తీసుకున్నవారు తమ ఖర్చుతో చేయించుకోవచ్చు. ఫలితం తెలిస్తే ఆహారం, నీళ్లు, రక్తపోటు విషయంలో ముందునుంచే జాగ్రత్త పడవచ్చు.

రెండోది గుండె. గుండె కండరం మందంగా మారే వ్యాధి ఈ జాతిలో, అందులోనూ మగవాటిలో, ఎక్కువగా కనిపిస్తుంది. మెయిన్ కూన్, రాగ్‌డాల్ జాతుల్లో దీనికి కారణమైన కొన్ని జన్యు మార్పులకు పరీక్షలు ఉన్నాయి గానీ, అవి బ్రిటిష్ షార్ట్‌హెయిర్‌కు పనికిరావు. గుండెకు అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించడమే మార్గం, అది ఒకసారి బాగుందని తేలినా జీవితాంతం బాగుంటుందని అర్థం కాదు. జబ్బున్న పిల్లి పరుగెత్తదు, దూకదు, ఎక్కువగా పడుకుంటుంది. నెమ్మదైన జాతి కాబట్టి ఆ తేడా ఎవరూ గమనించరు. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో అప్పుడప్పుడు లెక్కపెట్టడం ఇంట్లోనే చేయగలిగిన పని. ఆ లెక్క పదేపదే 30 దాటుతుంటే, లేదా పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఒక్కసారిగా వెనకకాళ్లు పడిపోయి, నొప్పితో అరిస్తే రక్తపు గడ్డ ప్రసరణను అడ్డుకుని ఉండవచ్చు. అలాంటప్పుడు క్షణం కూడా ఆగకూడదు.

మూడోది చాలామంది వినని విషయం, రక్తం గ్రూపు. పిల్లుల్లో ఎక్కువ శాతం ‘ఎ’ (A) గ్రూపువి, బ్రిటిష్ షార్ట్‌హెయిర్‌లో మాత్రం ‘బి’ (B) గ్రూపు పిల్లులు గణనీయంగా ఉంటాయి. ‘బి’ గ్రూపు పిల్లి రక్తంలో ‘ఎ’ గ్రూపును ఎదుర్కొనే బలమైన యాంటీబాడీలు సహజంగానే ఏర్పడతాయి కాబట్టి, మొట్టమొదటిసారి ‘ఎ’ గ్రూపు రక్తం ఎక్కించినా ప్రాణం పోవచ్చు. సంతాన నియంత్రణ శస్త్రచికిత్స సమయంలో రక్తం తీస్తే, అప్పుడే గ్రూపు కూడా చూసి పత్రంలో రాసిపెడితే ప్రమాదం జరిగిన రోజున ఆ ఒక్క అక్షరం పిల్లిని కాపాడుతుంది. రక్షణ కేంద్రాలు నడిపేవారు దీన్ని అలవాటుగా చేసుకోవాలని నా విన్నపం.

అలర్జీ గురించి కూడా ఒక మాట. పొట్టి బొచ్చు కాబట్టి ఈ పిల్లి పడుతుందని అనుకుని తీసుకుని, తుమ్ములు మొదలయ్యాక తిరిగి తెచ్చి ఇచ్చేవారు ఉన్నారు. అలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు, పిల్లి లాలాజలంలోనూ చర్మగ్రంథుల్లోనూ తయారయ్యే ప్రొటీన్. బొచ్చు పొడవుకూ దానికీ సంబంధం లేదు. ఇంట్లో ఎవరికైనా అనుమానం ఉంటే, నిర్ణయం చెప్పేముందు ఆ పిల్లి దగ్గర ఒకటికి రెండుసార్లు కాలం గడిపి చూసుకోవాలి. తిరిగి రావడం పిల్లికి చిన్న దెబ్బ కాదు.

ఇంటికి తెచ్చిన మొదటి రోజుల్లో ఒకే గది ఇవ్వండి. అందులో దాక్కోవడానికి చోటు, నీళ్లు, తిండి, వాటికి దూరంగా మలవిసర్జనకు ఇసుకతొట్టి ఉంటే చాలు. తెచ్చిన బుట్టను తలుపు తీసి అక్కడే ఉంచితే దానికి తెలిసిన వాసన ఉంటుంది. బయటికి లాగకూడదు, చుట్టాలకు చూపించకూడదు. కేంద్రంలో తిన్న తిండినే కొన్నాళ్లు పెట్టి, మార్చాలనుకుంటే కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. ఇక్కడ ఈ జాతికి సంబంధించిన ఒక పెద్ద ప్రమాదం ఉంది. భయంతో ఉన్న పిల్లి అరవదు, గీరదు, ఊరికే ముడుచుకుని కూర్చుంటుంది, తినడం మానేస్తుంది. సర్దుకుపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కాస్త బరువెక్కువ ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి పేరుకుపోయి, ప్రాణాంతకమైన జబ్బు మొదలవుతుంది. కాబట్టి గిన్నెలో తిండి ఎంత తగ్గిందో రోజూ చూడాలి, ఒక రోజంతా ముట్టుకోకపోతే పశువైద్యుడికి చెప్పాలి. మగపిల్లి తొట్టిలో పదేపదే కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే, అది మలబద్ధకమేమోనని ఎదురుచూడకుండా ఆ పూటే వైద్యం చేయించాలి. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

ఊబకాయం ఈ జాతికి ఎప్పుడూ పొంచి ఉన్న ముప్పు. సంతాన నియంత్రణ ఆపరేషన్ అయిన తర్వాత ఒంటికి కావలసిన తిండి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. అడిగినప్పుడల్లా గిన్నె నింపితే ఒళ్లు వచ్చేస్తుంది. బొద్దుగా ఉండటమే ఈ జాతి అందమని అనుకునే చోట దాన్ని జబ్బుగా ఎవరూ చూడరు. ఒత్తైన బొచ్చు కింద లావూ తెలియదు, సన్నబడటమూ తెలియదు. అందుకే కంటిని నమ్మకుండా వేళ్లతో పక్కటెముకలు తడిమి చూడాలి, నెలకోసారి తూకం వేసి రాసుకోవాలి. తిండిని గిన్నె కొలతతో కాకుండా తూచి పెట్టడం మేలు. బరువు తగ్గించాల్సి వస్తే వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతానికి మించకుండా, వైద్యుడి సలహాతోనే తగ్గించాలి. పిల్లి మాంసాహారంతోనే బతికే ప్రాణి. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం తగ్గితే పిల్లుల గుండె కండరం బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు నిరూపించాక, పిల్లుల ఆహార తయారీదారులు దాని పాళ్లు పెంచారు. కుక్కల తిండిని పిల్లికి పెట్టకూడదనడానికి ఇది ఒక పెద్ద కారణం. ఆట కూడా అవసరమే. ఈ పిల్లి తనంతట తాను పరుగులు పెట్టదు, దారానికి కట్టిన ఈకను మనం కదిపితే లేస్తుంది, కొన్ని నిమిషాలు ఆడి కూర్చుంటుంది. రోజులో అలాంటి చిన్న ఆటలు కొన్ని ఉంటే చాలు.

బొచ్చుకు వారానికోసారి దువ్వెన, రాలే కాలంలో ఇంకాస్త తరచుగా. స్నానాలూ, గొరిగించడాలూ అక్కర్లేదు. నడుము దగ్గరా తోక మొదట్లోనూ బొచ్చు ఉండలు కడుతుంటే మాత్రం పిల్లి అక్కడిదాకా తిరిగి నాక్కోలేకపోతోందని అర్థం. లావు వల్లనో కీళ్లనొప్పి వల్లనో అలా జరుగుతుంది, దువ్వితే సరిపోయే విషయం కాదది. లిల్లీ జాతి పూలు, మనుషులు వేసుకునే పారాసెటమాల్, కుక్కలకు రాసే పర్మెత్రిన్ ఉన్న పిడుదుల మందు ఇవేవీ పిల్లి ఉన్న ఇంట్లో దానికి అందకూడదు. ఏ పిల్లికైనా ఇవి విషమే.

రక్షణ కేంద్రాలు నడిపే మావంటివాళ్ల వైపు నుంచి కూడా సరిదిద్దుకోవలసింది ఉంది. గూళ్లు నిండిపోయి ఉన్నప్పుడు, అందమైన బొచ్చున్న పిల్లికి అదే రోజు పదిమంది అడుగుతున్నప్పుడు, ముందొచ్చిన వారికి ఇచ్చేద్దామన్న ఒత్తిడి ఉంటుంది. ఎత్తుకుంటే ఎంత బాగుంటుందో అని రాసిన ప్రకటనకు స్పందన ఎక్కువ వస్తుంది, గుండె పరీక్ష చేయించాలని రాస్తే తగ్గుతుంది. అయినా రెండోదే రాయాలి. దత్తతకు వచ్చేవారిని ఇంటి గురించి, పని వేళల గురించి, ఊరు వెళ్తే ఎవరు చూసుకుంటారన్న దాని గురించి అడిగితే కొందరు చిన్నబుచ్చుకుంటారు. అది అనుమానం కాదు. ఆ పిల్లి ఇప్పటికే ఒక ఇల్లు పోగొట్టుకుంది కాబట్టి, రెండోది పోకూడదని అడుగుతాం. కేంద్రం తీసుకునే దత్తత రుసుము కూడా పిల్లి వెల కాదు. శస్త్రచికిత్సకూ వ్యాక్సిన్లకూ పరీక్షలకూ అయిన ఖర్చులో అది కొంత భాగమే. ఇల్లు కుదరకపోతే పిల్లిని తమకే తిరిగి అప్పగించాలని, ఇంకెవరికీ ఇవ్వకూడదని ఒప్పందంలో రాసుకునే కేంద్రాన్ని పాఠకులు నమ్మవచ్చు. ప్రశ్నలేవీ అడగకుండా, పత్రాలేవీ చూపకుండా గేటు దగ్గరే పిల్లిని చేతిలో పెట్టేవారి పట్ల జాగ్రత్తగా ఉండాలి. రక్షణ పేరుతో కూనలు అమ్మేవారు కూడా ఉంటారు.

సంపాదకులను కోరేది ఒకటుంది. మీ శీర్షికలో ఏదైనా పిల్లి జాతి గురించి వ్యాసం వేసినప్పుడు, ఫొటో పక్కన రంగు, బరువు, స్వభావం ఇచ్చినట్టే, ఆ జాతికి ఏ వంశపారంపర్య జబ్బులు వస్తాయో, ఏ పరీక్షలు అడగాలో రెండు వాక్యాలు ఇవ్వండి. వ్యాసానికి వాడే ఫొటో ప్రతిసారీ రెండు నెలల కూనదే కాకుండా, అప్పుడప్పుడు ఏడెనిమిదేళ్ల పిల్లిది కూడా అయితే బాగుంటుంది. వయసొచ్చిన పిల్లులకు ఇల్లు దొరకడానికి కూనల కంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది, పత్రికలో తమలాంటి దాన్ని చూసి ఫోన్ చేసేవారు ఒక్కరు పెరిగినా వాటికి మేలు జరుగుతుంది. ఈ ఉత్తరంలోని వైద్య విషయాలను మీ శీర్షికకు జవాబులిచ్చే పశువైద్యుల చేత చూపించి, అవసరమైతే సవరించి ప్రచురించడానికి నాకు పూర్తి సమ్మతమే.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుల్లో ఒకరు,
పిల్లుల రక్షణ కేంద్రం స్వచ్ఛంద సేవకులు